రోహిణి కార్తెలో చుట్టాలు

మొన్న మా తమ్ముడి మనవరాలు బెంగుళూరు నుంచి ఫోన్ చేసి, "నానమ్మా, మా ఆఫీసువాళ్ళం ఆరుగురం గండికోట చూడటానికి వస్తున్నాం. మీ వైపు రావడానికి ఏ నెల మంచిది?" అని అడిగింది. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టేలోపే, "అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అని ఇక్కడ నెట్‌లో ఉందిలే" అని తనే చెప్పేసింది. తెలిసినదాన్ని మళ్ళీ అడగడం ఎందుకో నాకు అర్థం కాదు. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో పాఠాలు చెప్పినదాన్ని, జవాబు చెప్పనివ్వకపోతే ఒళ్ళు మండుతుంది. ఆ సలహా రాసినాయన ఎవరోగాని, ప్రొద్దుటూరులో బస్సు మారి జమ్మలమడుగులో ఎప్పుడూ దిగి ఉండడని ఒట్టేసి చెప్పగలను. దిగినవాడైతే అందరికీ ఒకటే మాట రాయడు. వచ్చేది ఎవరు, ఎవరింటికి వస్తున్నారు, వచ్చినవాళ్ళు మళ్ళీ రావాలా వద్దా, ఇవి తేలకుండా మంచి నెల ఏదో ఎట్లా చెప్తారు? ఈ విద్య నాకు నేర్పింది మా జేజి, అంటే మా నాయన తల్లి.

మాది జమ్మలమడుగులో నాలుగు తరాల కిందట బాప్తిస్మం తీసుకున్న ఇల్లు. మా నాయన మిషను బడిలో అయ్యవారు. జేజికి అక్షరం ముక్క రాదుగాని కీర్తనలు సగం నోటికి వచ్చు, కార్తెలు ఇరవై ఏడూ పూర్తిగా వచ్చు. ఒకసారి పాస్టరుగారు, కార్తెలు చూసుకోవడం విశ్వాసులకు తగదని మెల్లగా చెప్పబోయాడు. జేజి ఆయనకు మజ్జిగ చెంబు అందిస్తూ, "ఆకాశం దేవునిదే గదా అయ్యగారూ, దాన్ని సూస్తే తప్పేముండాది?" అనింది. ఆయన మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత తన పొలంలో చెనిక్కాయ, అంటే వేరుశనగ, ఎప్పుడు వేయాలో అడగడానికి ఆయనే వచ్చేవాడు.

కార్తెలను జేజి సేద్యానికి ఎంత వాడిందో చుట్టాలకు అంతకన్నా ఎక్కువ వాడింది. ఆమె లెక్కలో ప్రతి చుట్టానికీ ఒక కాలం ఉండేది. పులివెందులలో ఉన్న తన చెల్లెలంటే ప్రాణం కాబట్టి ఆమెను వానలు వెనకబట్టి చలి మొదలయ్యే రోజుల్లో పిలిచేది. అప్పుడు పెన్నలో మోకాటి లోతు నీళ్ళు పారుతుండేవి, గట్ల మీద గడ్డి పచ్చగా ఉండేది, చిన్నజేజి సంచీ నిండా చీనీకాయలు, అవే బత్తాయిలు, తెచ్చేది, ఇల్లంతా ఆ తొక్కల వాసనే. ప్రొద్దుటూరు చిన్నాయన సంగతి వేరు. ఆయన వచ్చాడంటే మా నాయనకు బతకడం ఎట్లాగో నేర్పకుండా పోడు. కాబట్టి ఆయనకు ప్రతి ఏడూ రోహిణి కార్తెలోనే పిలుపు వెళ్ళేది. రోళ్ళు పగిలే ఆ ఎండలో మనిషి రెండో రోజు మధ్యాహ్నానికి బస్టాండులో ఉంటాడని జేజి నమ్మకం. ఉండేవాడు కూడా. పాపం ఆయన మాత్రం, "మా పెద్దమ్మ మామిడిపండ్ల కాలంలో నన్ను మర్చిపోదప్పా" అని ప్రొద్దుటూరంతా చెప్పుకునేవాడట.

జేజికి ఇల్లు కూడా తోడు వచ్చేది. మా ఇంటికి ముందువైపు గదికి కడప బండల కప్పు, నడిమింటికి మట్టి మిద్దె. బండలు పగలంతా ఎండ తాగి పొద్దుగూకినాక దాన్ని మెల్లగా కిందికి వదిలేవి. మిద్దె కింద మాత్రం మే నెలలోనూ నేల చల్లగా, తడిపిన కుండల వాసనతో, మూలన వేలాడే నన్నారి వేళ్ళ వాసనతో ఉండేది. కావలసినవాళ్ళకు నడిమిల్లు, అక్కర్లేనివాళ్ళకు బండల గది. బండల గదికి కిటికీలు రెండు, పైగా కొత్త మంచం అక్కడే ఉండేది. కాబట్టి వచ్చినవాళ్ళు తమకే మర్యాద ఎక్కువ జరిగిందని సంతోషపడేవారు.

ఈ పిలుపులన్నీ రాసేది నేను. ఏడో తరగతికి వచ్చేసరికి నా దస్తూరి బాగుందని పేరొచ్చింది, నాయనకు బడి పనే సరిపోయేది. జేజి గడప మీద కూర్చుని చెప్పేది, నేను పీట మీద పోస్టుకార్డు పెట్టుకుని, ఆమె మాటను పుస్తకాల భాషలోకి మార్చి రాసేదాన్ని. ఆమెకు ఒక నియమం ఉండేది. అబద్ధం రాయించేది కాదు. "ఎండ లేదని రాద్దామా జేజీ?" అని ఒకసారి అడిగితే నెత్తిన మొట్టింది. "అబద్ధం ఆడగూడదు. అడగనిది చెప్పగూడదు" అనింది. ఈ రెండూ చాలు మనిషి పరలోకానికి పోవడానికి, ఇక్కడ ఇల్లు నడపడానికి కూడా అని ఆమె అభిప్రాయం.

మా నాయనకు ఒక చెల్లెలు, కరుణత్త. మా అమ్మ చంటివాడైన తమ్ముడితో సతమతమవుతుండేది కాబట్టి నాకు తల దువ్వేది అత్త, లెక్కలు చెప్పేది అత్త, రాత్రి పక్కలో పడుకునేది అత్త. ఆమె గుంటూరులో టీచరు ట్రైనింగు చేసి వచ్చిన ఏడాది మా ఇంటికి బందరు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసింది రత్నమ్మగారని, రిటైరైన హెడ్‌మిస్ట్రెసు. వాళ్ళబ్బాయి ప్రభుదాసు అత్తతోనే ట్రైనింగు చేశాడు. అత్తను తమ ఇంటి కోడలిగా అడగడానికి వస్తామని, మీ ప్రాంతానికి రావడానికి ఏ మాసం అనుకూలమో తెలియజేయగలరని ఎంతో మర్యాదగా రాసింది. ఉత్తరం చదివి వినిపించి తల ఎత్తితే, అత్త మెడదాకా ఎర్రబడి ఉంది, జేజి మొహం తెల్లబోయి ఉంది. బందరు అంటే జేజికి భూమి అయిపోయే చోటు. కడప జిల్లా దాటి ఎరగని మనిషి. కడుపున పుట్టినవాళ్ళలో మిగిలింది ఇద్దరే, వాళ్ళలో ఆడబిడ్డను అంత దూరం పంపడమంటే ఆమెకు చేతకాని పని. కాని అడిగినవాళ్ళకు లేదని చెప్పడమూ ఆమెకు చేతకాదు. "రేపు జవాబు రాద్దాంలే" అనింది.

ఆ సాయంత్రం అత్త నన్ను పెరట్లోకి పిలిచింది. "ఏమే పాపా, మీ జేజి రేపు మే నెల అని చెప్తాది. నువ్వు డిసెంబరు అని రాయి. ఆయమ్మకు సదవను రాదు గదా" అంటూ గుంటూరులో కొన్న ఆకుపచ్చ పట్టు రిబ్బన్లు రెండూ నా చేతిలో పెట్టింది. నేను రాస్తానని ఒట్టేశాను. మరునాడు జేజి గడప మీద కూర్చుని చెప్పింది: "మే నెల ఆఖర్లో రాండి. బడి సెలవలు. పొద్దు శానాసేపు ఉంటాది, ఊరంతా తిరిగి సూడొచ్చు. గాలి బాగా వస్తాది. వాన భయం లేదు. మా ఏటి ఇసక సూడాల్సిందే, అట్లాంటి ఇసక మీకాడ ఉండదు." అన్నీ నిజాలే. కలం చేతిలో పట్టుకుని నేను కాసేపు ఆలోచించాను. డిసెంబరు అని రాస్తే వాళ్ళు వస్తారు, చల్లటి గాలికి మురిసిపోతారు, అత్తను తీసుకుపోతారు. నా తల ఎవరు దువ్వుతారు? మే నెల అనే రాశాను, గుండ్రంగా, నా చేతనైనంత అందంగా. రిబ్బన్లు మాత్రం తిరిగి ఇవ్వలేదు. ఆ రోజుల్లో నాకు జేజికున్నపాటి నియమం కూడా లేదు.

వాళ్ళు రోహిణి కార్తె మూడో రోజున దిగారు. మధ్యాహ్నం రెండు గంటల బస్సుకు. రత్నమ్మగారు లావుపాటి మనిషి, తెల్లటి గంజిపెట్టిన చీర, చేతిలో నల్ల గొడుగు. వెనక పెట్టె మోసుకుంటూ సన్నగా, కళ్ళద్దాలతో ప్రభుదాసు. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, మజ్జిగ ఇచ్చి, జేజి వాళ్ళను సాదరంగా బండల గదిలోకి తీసుకుపోయింది. ఇక రేపు మధ్యాహ్నం బస్సే అని నేను లెక్కేసుకున్నాను. కాని పొద్దున లేచేసరికి రత్నమ్మగారు హాయిగా ఉంది. "మా బందరులో అయితే ఈపాటికి చెమటతో తడిసి ముద్దయ్యేవాళ్ళం. ఇక్కడ అసలు చెమటే పట్టలేదండీ. ఎండలు ఎక్కువంటారు గాని, ఏమంత లేదు" అనింది. జేజి దిగాలుగా నా వైపు చూసింది. సముద్రం ఒడ్డువాళ్ళకు చెమట పడితేనే ఎండ. మా ఎండ చెమటను పట్టనిస్తే గదా, పుట్టకముందే తాగేస్తుంది. అది చెప్పాలని నాకు తెలుసు. అడగనిది చెప్పగూడదు.

ఆ తర్వాత జరిగింది జేజి ఎరగదు. ఆమె వంటింట్లో సంగటి గెలుకుతుండగా నేను రత్నమ్మగారి దగ్గర చేరి, "ఏటి ఇసక చూస్తారా అత్తయ్యగారూ?" అన్నాను. ఉత్తరంలో చదివిన ఇసుక ఆమెకు గుర్తుంది. ముచ్చటపడి గొడుగు తీసుకుని బయలుదేరింది. అప్పుడు పదిన్నర. పెన్న ఆ రోజుల్లో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా తెల్లటి ఇసుక, చూస్తే కళ్ళు మూసుకుపోయే తెలుపు. నాకు అలవాటే, చెప్పులు లేకుండా ఎగురుకుంటూ పోయాను. ఆమె నడి ఏటి దాకా వచ్చి, "ఎంత బాగుందమ్మా" అని రెండుసార్లు అనింది. మూడోసారి అనలేదు. తిరిగి వస్తుంటే మాటలు తడబడ్డాయి, గొడుగు జారింది, మా వీధి మలుపులో మొండిగోడను పట్టుకుని అట్లాగే కూలబడింది. ఒళ్ళు పట్టుకుంటే కాలుతోంది, చెమట చుక్క లేదు. నేను ఇంటికి ఎట్లా పరిగెత్తానో నాకే తెలియదు. ఆమె చచ్చిపోతుందని, నేనే చంపానని అనుకున్నాను.

జేజి, అత్త, ప్రభుదాసు కలిసి మోసుకొచ్చారు. జేజి బండల గది వైపు చూడను కూడా చూడకుండా, "నడిమింట్లోకి, నడిమింట్లోకి" అని అరిచింది. తన చాప పరిచి పడుకోబెట్టింది. కళ్ళు మండేలా ఎర్రగడ్డలు దంచి అరికాళ్ళకు రుద్దింది, తడిగుడ్డ కప్పి విసనకర్ర పట్టుకుని కూర్చుంది. ఆసుపత్రి డాక్టరమ్మ వచ్చి చూసి, సూది వేసి, "ఈ ఎండలో ఈమెను ఏట్లోకి ఎవరు తీసుకుపోయినారు?" అని గట్టిగా అడిగింది. జేజి నా మొహం ఒకసారి చూసింది. "నేనే పంపినా తల్లీ, నాదే బుద్ధిలేని పని" అనింది. అది ఆమె ఆడగా నేను విన్న ఒకే ఒక్క అబద్ధం.

కిటికీలకు గోనెపట్టాలు కట్టి, వాటిని ఆరకుండా తడుపుతూ ఉండాలని డాక్టరమ్మ చెప్పిపోయింది. మే నెలలో మా బావి అడుక్కు పోయి, ఊరిన నీళ్ళను చెంబుతో ముంచి బిందెకెత్తాల్సి వచ్చేది. ఆ నీళ్ళు ఇంటిల్లిపాదికీ కొలిచి ఇచ్చే జేజి మూడు రోజులు వాటిని గోనెసంచుల మీద పోయించింది. బావిలోకి దిగింది ప్రభుదాసు. బందరు కాలవల పక్కన పుట్టినవాడు, ఎండిన బావిని బతుకులో చూడనివాడు, కళ్ళద్దాలు తీసి అత్త చేతికిచ్చి, తాడు పట్టుకుని దిగి, అడుగున కూర్చుని చెంబుతో నింపి పంపేవాడు. మొదటి రోజు మోచేతులు గీరుకుపోయాయి. రెండో రోజు మళ్ళీ తనే దిగాడు. జేజి బావిగట్టున నిలబడి, "బాబూ, ఇంగ పైకి రాప్పా, సాలు" అనడం విన్నాను. అంతవరకు ఆమె అతన్ని పేరు పెట్టిగాని వరస పెట్టిగాని పిలవలేదు.

నాలుగో రోజు సాయంత్రానికి రత్నమ్మగారు లేచి కూర్చుని గంజి తాగింది. నేను వడ్ల గాదె వెనక నక్కి ఉన్నాను. జేజి గంజి గిన్నె పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "అమ్మా, నీకొక మాట చెప్పల్ల. నేను కావాల్నే ఎండల్లో రమ్మని రాయించినా. భయపడి మీ అంతట మీరే పోతారని. నా బిడ్డను అంత దూరం పంపలేక" అనింది.

"తెలుసండీ" అనింది రత్నమ్మగారు.

"ఏందీ?"

"మీ అమ్మాయి మావాడికి ముందే రాసింది. మా అమ్మ మే నెలలో రమ్మంటే ఇష్టం లేదని అర్థం, అయినా రండి, కష్టంలో పడినవాళ్ళను మా అమ్మ వదిలిపెట్టదు, అని. కష్టమంటే ఏదో ఉక్కపోత అనుకున్నానుగాని, మరీ పడిపోతానని అనుకోలేదు సుమండీ!" అని ఆమె నవ్వింది. నవ్వి దగ్గింది. జేజి "ఎంత గడుసుదానివే కరుణా!" అని వంటింటి వైపు కేకేసి, తనూ నవ్వడం మొదలుపెట్టింది. ఇద్దరూ వయసు మరిచి నవ్వారు. "లే వదినా, గంజి సల్లారిపోతాంది" అనింది జేజి. ఆ వదినా అనే మాటతో పెళ్ళి ఖాయమైపోయిందని గాదె వెనకున్న నాకు కూడా అర్థమైంది.

మరునాడు రిబ్బన్లు తీసుకుపోయి అత్త ఒళ్ళో పడేశాను. ఏడుపు ఆగలేదు. అత్త వాటిని విప్పి నా జడలకే కట్టింది. "నువ్వు రాయవని తెలుసు లేవే. అయినా ఇచ్చినా. పోయేటప్పుడు నీకు ఏదో ఒకటి ఇయ్యల్ల గదా" అనింది. అప్పటికి నాకు పన్నెండేళ్ళు. నన్ను నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఇంట్లో ఉన్నారని తెలిసి సిగ్గుపడ్డాను, వాళ్ళలో ఒకరు వెళ్ళిపోతున్నారని తెలిసి మళ్ళీ ఏడ్చాను. పెళ్ళి డిసెంబరులో జరిగింది. చలి, ఎండ సమపాళ్ళలో ఉన్న అందమైన రోజు. అంత మంచి వాతావరణం మీద నాకు జీవితంలో ఇంకెప్పుడూ అంత కోపం రాలేదు.

మరుసటి ఏడు బందరు నుంచి జేజికి పిలుపు వచ్చింది. రాసింది రత్నమ్మగారే. "మా ఊరికి రావడానికి నవంబరు మాసం అనుకూలం. ఎండ భయం బొత్తిగా లేదు. కాలవలు నిండుగా ఉంటాయి, నీళ్ళకు కొదవ ఉండదు. గాలి మీ ఊరికన్నా బాగా వీస్తుంది." మా నాయన పడీపడీ నవ్వి, "అమ్మా, అది తుపాన్ల కాలం, పోవద్దు" అన్నాడు. జేజి ఉత్తరాన్ని నాతో రెండుసార్లు చదివించుకుంది. "ఆయమ్మ నన్ను నీళ్ళల్లో ముంచల్లని సూస్తాంది. పోతా" అని పెట్టె సర్దింది. కడప జిల్లా దాటడం అదే మొదలు. వారం తిరక్కముందే తుపాను వచ్చిందని, ఇంట్లోకి నీళ్ళు వస్తే ముసలమ్మలిద్దరూ ఒకే మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని వేరుశనగపప్పు తిన్నారని అత్త రాసింది. జేజి అంత నీటిని చూసి, "దీంట్లో సగం మా ఏటికి పోతే ఎంత బాగుండు" అని వగచిందట.

ఇప్పుడు నేను ప్రొద్దుటూరులో ఉంటున్నాను. కలమల్ల దగ్గర కరెంటు పుడుతుంది, నా గదిలో ఏసీ తిరుగుతుంది. మే నెల మధ్యాహ్నాలు దుప్పటి కప్పుకుని నిద్రపోతాను. అబద్ధమెందుకు, హాయిగానే ఉంటుంది. కార్తెలు మాత్రం మునుపటంత మాట వినడం లేదు. మృగశిరలో రావలసిన చినుకు ఎప్పుడో వస్తుంది, వద్దన్నప్పుడు కుండపోతగా కురుస్తుంది. గండికోటకు ఏడాది పొడవునా కార్లు వస్తూనే ఉన్నాయి. చల్లటి సీసాలు పట్టుకుని దిగుతారు, లోయ అంచున నిలబడి ఫోటోలు తీసుకుంటారు, పొద్దు వాలకముందే పోతారు. ఎవరూ ఎండకు పడిపోరు, ఎవరినీ ఎవరూ నడిమింట్లోకి మోసుకుపోరు. ఎవరికీ హాని లేదు, మంచిదే. కాని ఎన్ని సౌకర్యాలున్నా రానివాళ్ళు రారు, రాకపోవడానికి వాతావరణం ఒక సాకు. అది కనిపెట్టడానికి నాకు జేజి బందరు ప్రయాణం అవసరమైంది.

ఎందుకంటే తుపాను వెలిసినా ఆమె తిరిగి రాలేదు. క్రిస్మసు వచ్చింది, పోయింది. అత్తను పోనివ్వకూడదని ఆ మే నెల రాసినదాన్ని, చివరకు అత్తతోపాటు జేజి కూడా లేని ఇంట్లో మిగిలాను. జనవరిలో ఎవరూ చెప్పకుండా మొదటిసారి నా సొంతంగా ఒక కార్డు రాశాను. "జేజీ, ఇక్కడ ఇప్పుడు వాతావరణం శానా బాగుంది. ఏట్లో నీళ్ళు పారుతున్నాయి. చలి ఎక్కువ లేదు, ఎండ లేదు. చిన్నజేజి చీనీకాయలు పంపింది. రావడానికి ఇదే మంచి కాలం." ఒక్క అబద్ధం లేదు. వారానికి అత్త దస్తూరితో జవాబు వచ్చింది. జేజి చెప్పిన మాటను అత్త దిద్దకుండా ఉన్నదున్నట్టు రాసింది. "ఎప్పుడు రావల్లనో నాకు చెప్పబాకు. అది నేను నేర్పిన విద్యే. ఎందుకు రావల్లనో రాయి, రేపే బయల్దేరతా."

ఆ కార్డు పట్టుకుని బావిగట్టు మీద చాలాసేపు కూర్చున్నాను. అంత మంచి దస్తూరి ఉండి, అన్ని ఉత్తరాలు రాసి ఉండి, ఈ ఒక్కటి ఎట్లా రాయాలో తెలియలేదు. చివరికి ఒక కొత్త కార్డు తీసి, నడిమధ్యలో, "జేజీ, నువ్వు లేకుంటే నాకు ఏడుపొస్తాంది" అని రాసి, ఎవరూ చూడకముందే పోస్టు డబ్బాలో వేసి వచ్చాను.

కార్డు వేసిన ఆరో రోజు మధ్యాహ్నం జేజి ప్రొద్దుటూరు బస్సు దిగింది. పెట్టె కిందపెట్టి, నన్ను పట్టుకుని, కొంగుతో నా మొహం గట్టిగా తుడిచి, "ఏమే, ఈ ఒక్క మాట రాసేదానికి నీకు రెండు నెల్లు పట్టిందా?" అనింది.